మోటరు ఆపాలంటే బటన్లే: కీప్యాడ్ ఫోన్, స్మార్ట్‌ఫోన్ రెండూ వాడుతున్న రైతు మాట

స్మార్ట్‌ఫోన్ కొనాల్సిందేనా, బటన్ల ఫోన్‌తో నెట్టుకురాలేమా అని మా చుట్టుపక్కల రైతులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. నేను బటన్ల ఫోన్ పదేళ్లకు పైగా వాడాను, స్మార్ట్‌ఫోన్ వచ్చి నాలుగైదేళ్లవుతోంది, ఇప్పుడు రెండూ జేబులో ఉంటాయి. కెమెరా ఎంత, మెమొరీ ఎంత అన్నవి ఇక్కడ రాయను, అంగట్లో పిల్లోడిని అడిగినా చెప్తాడు. నేను చెప్పదలచుకున్నది బటన్ల గురించి. నొక్కితే లోపలికి దిగి, నొక్కినట్టు వేలికి తెలిసే బటన్లు. బురద చేత్తో, తడి చేత్తో, చీకట్లో, ఫోన్ వైపు చూడకుండా నొక్కగలిగే బటన్లు. ఫోన్ కంపెనీలు వీటిని ఇంత తేలిగ్గా ఎలా వదిలేశాయా అని నాకు నిజంగా కోపం వస్తుంది.

మాది అనంతపురం జిల్లా, చీనీ తోట, అంటే బత్తాయి. తోటలో ఉన్న బోరులో నీళ్లు తగ్గిపోయాక వంక (వాగు) అవతల ఇంకొకటి వేయించి, అక్కడి నుంచి పైపులైను తెచ్చుకున్నాం. వ్యవసాయానికి పగలు 9 గంటలు ఉచిత కరెంటు అన్నది ఆంధ్రలో రైతులందరికీ తెలిసిందే, ఆ తొమ్మిది గంటలు ఒక్క విడతలో వస్తాయో రెండు విడతల్లో వస్తాయో, మధ్యలో ఎన్నిసార్లు పోతాయో కూడా తెలిసిందే. పోయి వచ్చిన ప్రతిసారీ మోటరు వేయడానికి వంక దాటి స్టార్టర్ డబ్బా దగ్గరికి నడవాలి. మొబైల్ స్టార్టర్ పెట్టించాక ఆ నడక తప్పింది. డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది, దానికి ఫోన్ చేస్తే ఎత్తుతుంది, మోటరు వేయడానికి 1, ఆపడానికి 2 నొక్కమంటుంది, నొక్కితే అయిపోతుంది. మోటరుకు కావాల్సిన త్రీఫేజ్ కరెంటు వచ్చిందంటే అదే మనకు ఫోన్ చేస్తుంది, బోరులో నీళ్లు అందకపోతే మోటరు కాలకుండా తనే ఆపేస్తుంది. పుణె నుంచి వచ్చిన నానో గణేశ్ లాంటి మొబైల్ స్టార్టర్లు, స్మార్ట్‌ఫోన్లు పల్లెలకు రాకముందే రైతుల చేతుల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో అందరి దగ్గరా ఉన్నది బటన్ల ఫోనే కాబట్టి ఇవన్నీ దాన్ని చూసే తయారయ్యాయి.

ఆ బటన్ల ఫోన్‌తో ఎన్నేళ్లు హాయిగా గడిచిందో చెప్పలేను. పొద్దున మంచంలో ఉండగానే ఫోన్ మోగుతుంది, కరెంటు వచ్చిందని అర్థం, దుప్పట్లోంచి చేయి తీసి స్టార్టర్‌కు కలిపి 1 నొక్కి మళ్లీ పడుకోవచ్చు. పాదుల్లో నీళ్లు మళ్లిస్తూ ఒక చేత్తో పార పట్టుకుని రెండో చేత్తో జేబులోనే 2 నొక్కొచ్చు. స్టార్టర్ నంబరును స్పీడ్ డయల్‌లో పెట్టుకుంటే ఒకే బటన్ గట్టిగా ఒత్తి పట్టుకుంటే చాలు. ఛార్జింగ్ వారానికి ఒకసారి పెట్టినా సరిపోయేది. గట్టు మీద నుంచి ఎన్నిసార్లు పడిందో, బ్యాటరీ ఒకవైపు, డొప్ప ఒకవైపు, ఏరుకుని మళ్లీ బిగిస్తే మోగేది. రాత్రిపూట టార్చి సంగతి సరే సరి, తోటల్లో తిరిగేవాళ్లకు దాని అవసరం నేను చెప్పనక్కర్లేదు.

మరి స్మార్ట్‌ఫోన్ ఎందుకు కొన్నానంటే డబ్బుల లెక్కల కోసం. కూలీలు కూడా ఫోన్‌పే చేయమని అడగడం మొదలయ్యాక, పురుగుమందుల అంగట్లో స్కానర్ తప్ప చిల్లర కనపడకుండా పోయాక, ఇక తప్పలేదు. బటన్ల ఫోన్‌తోనూ యూపీఐ చేయొచ్చు, 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన 123పే ఉంది, ఒక నంబరుకు ఫోన్ చేసి అది చెప్పినట్టు నొక్కుతూ పోతే డబ్బులు వెళ్తాయి, ఒకసారికి 5,000 అని ఉన్న పరిమితిని తర్వాత 10,000 కూడా చేశారు. నేను వాడాను, పనిచేస్తుంది. అయితే వెనక నలుగురు నిలబడి ఉన్న కౌంటరు దగ్గర ఆ గొంతు చెప్పేదంతా విని ఒక్కొక్కటే నొక్కడం కుదిరే పని కాదు. ఊళ్లో తెలిసినవాళ్లకు ఇంటి నుంచి నిదానంగా పంపడానికైతే బాగుంటుంది.

స్మార్ట్‌ఫోన్ నన్ను నిజంగా సంతోషపెట్టింది ఇంకో విషయంలో. కొన్న మొదటి ఏడాదే కాయల మీద గోధుమ రంగు పొర లాగా రావడం మొదలైంది, తొక్క గరుకుగా మారుతోంది. మందుల అంగట్లో అడిగితే చేతికి రెండు డబ్బాలు ఇచ్చారు. కొట్టే ముందు ఎందుకో కాయనూ ఆకు అడుగునూ దగ్గరగా ఫోటోలు తీసి, మా బంధువుల అబ్బాయి ద్వారా ఉద్యాన శాఖ ఆఫీసరుకు పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది, ఇది మంగు నల్లి, లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కాయ బాగా తడిసేలా కొట్టండి, అంతకుమించి ఇప్పుడు ఏమీ వద్దు అని. ఖర్చు ఎంత తగ్గిందో అప్పుడు తెలిసింది. గోధుమ రంగు పొర ఎక్కిన కాయకు మార్కెట్లో రేటు ఎలా పడిపోతుందో చీనీ రైతుకు తెలుసు, అందుకే ఆ ఒక్క ఫోటోతో ఫోన్ ధర చాలావరకు రాబట్టుకున్నట్టే అనిపించింది. అనంతపురం యార్డులో ఆ రోజు టన్ను ఎంత పలికిందో వాట్సాప్‌లో చూసుకుని, తోట దగ్గరికి వచ్చే వ్యాపారితో ధైర్యంగా మాట్లాడటం కూడా ఈ ఫోన్ వల్లే అలవాటైంది. పీఎం కిసాన్ డబ్బులకు అడిగే గుర్తింపు తనిఖీ, అదే ఈ-కేవైసీ, ముఖం చూపించి ఇంట్లోనే అయిపోయింది. ఇవన్నీ చూసి పాత ఫోన్‌ను అలమారాలో పెట్టేశాం.

ఆ తర్వాత పోయిన ఏడాది సంక్రాంతి దాటాక జరిగినది వింటే నా కోపం ఎందుకో అర్థమవుతుంది. నీళ్లు ఆపి తోటను ఎండగట్టి, పాదులు తవ్వి, పశువుల ఎరువూ వేపపిండీ వేసి మొదటి తడి ఇస్తున్న రోజులు. చీనీకి పూత నిలిచేదీ పోయేదీ ఆ తడితోనే. పొద్దున ఇంటి నుంచే వంక అవతలి మోటరు వేసి తోటకు వచ్చాను. కింది వరసల్లో పాదులు చూసుకుంటుంటే పైన ధన్‌మని శబ్దం, చూస్తే పైపు కాలరు దగ్గర ఊడి నీళ్లు నిలువెత్తు లేస్తున్నాయి. గోనెసంచి అడ్డం పెట్టి ధారను పక్కకు తిప్పుదామని వెళ్తే తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయాను. మోటరు ఆపాలి. ఫోన్ తీశాను.

వేలిముద్ర తీసుకోలేదు. చేతులు తుడుచుకుందామంటే చొక్కా తడి, తువ్వాలు తడి. గీత గీసి తెరుద్దామంటే మధ్యలోనే తెగిపోతోంది. ఎట్టకేలకు తెరుచుకుంటే తెర మీద పడ్డ చుక్కలకు పేర్ల జాబితా దానంతట అదే కిందికీ పైకీ జరుగుతోంది, స్టార్టర్‌కు చేయబోతే మందుల అంగడికి పోయింది. కట్ చేసి మళ్లీ చేస్తే ఈసారి స్టార్టర్ ఎత్తింది, ఆపడానికి 2 నొక్కమంది, తెర చూస్తే నల్లగా ఉంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు తెర ఆరిపోవడానికి పైన ఒక సెన్సర్ ఉంటుంది కదా, దాని మీద నీటి చుక్క పడితే చెవి అనుకుని తెర ఆర్పేస్తుంది. తుడిచి తెర వెలిగించి, అంకెలు కనపడే చోటు నొక్కి, అవి వచ్చి, 2 నొక్కేలోపు అవతల డబ్బా విసిగి ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. ఒక్క 2 నొక్కడానికి ఇంత పనా?

శబ్దం విని పక్క తోట చిన్నాయన పరుగున వచ్చాడు, చేతిలో బటన్ల ఫోన్. "నా ఫోన్‌తో చెయ్యి రా, ఎంత నీళ్లు పోతాండాయో చూడు" అన్నాడు. కానీ స్టార్టర్ అందరి ఫోన్లూ ఎత్తదు, అందులో ముందే ఎక్కించిన నంబర్లకే పలుకుతుంది. పోనీ నా సిమ్ ఆయన ఫోన్‌లో వేద్దామంటే స్మార్ట్‌ఫోన్‌లో ఉండేది గోరంత సిమ్, దాన్ని బయటికి తీయడానికి పిన్ను కావాలి, తీసినా ఆయన ఫోన్‌లో ఉన్నది పెద్ద సిమ్ పట్టే చోటు. "వంక దాటి పోతా చిన్నాయనా, నువ్వు ఇక్కడ చూస్తుండు" అని పరుగెత్తాను. బోరు దగ్గరికి చేరి డబ్బాలో ఎర్ర బటన్ ఒత్తేసరికి ఇక్కడ ఆ వరసలో పాదుల గట్లు తెగిపోయి, వేసిన ఎరువంతా వేపపిండితో సహా వంకలోకి కొట్టుకుపోయింది. మళ్లీ గట్లు వేసి, మళ్లీ ఎరువు కొని వేశాం. ఆ వరసలో పూత మిగతా తోటతో పాటు రాలేదు, అక్కడక్కడా విడివిడిగా వచ్చింది, కాయలు కూడా ముందూ వెనకా అయ్యాయి, కోతకు వచ్చిన వ్యాపారి ఆ చెట్లు వదిలేసి లెక్క కట్టాడు.

ఆ సాయంత్రమే పాత ఫోన్ అలమారాలోంచి బయటికి వచ్చింది.

ఇప్పుడు పాత ఫోన్ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పైన వారానికి ఒకసారి ఛార్జింగ్ అన్నాను, అది కొత్తలో మాట. తర్వాత మూడు రోజులకు వచ్చింది, ఒకరోజు చూస్తే బ్యాటరీ ఉబ్బి వెనక డొప్ప మూత పడటం లేదు. టౌన్లో కొత్త బ్యాటరీ తక్కువ ధరకే దొరికింది, కానీ పాతది ఆగినంత ఆగడం లేదు. బటన్లను ఇంత పొగిడాను కదా, అవీ అరుగుతాయి. నా ఫోన్‌లో 1, 2 మీద అంకెలు చెరిగిపోయాయి, 2 కింద ఉండే రబ్బరు దెబ్బతిని కొన్నాళ్లు రెండుసార్లు నొక్కినట్టు పడేది, రిపేరు చేయించాను. దుమ్ము లోపలికి పోతుంది. తెలుగులో మెసేజ్ వస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి, బ్యాంకు నుంచి వచ్చింది కూడా ఎవరితోనో చదివించుకోవాలి. జియో సిమ్ ఈ పాత 2జీ ఫోన్లలో అసలు పలకదు, దానికి 4జీ కీప్యాడ్ ఫోన్ తీసుకోవాల్సిందే, 2023లో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ అలాంటిదే. మా చిన్నాన్న కొడుకు దగ్గర ఉంది, బటన్లు కాస్త గట్టిగా ఉన్నాయి, మోటరుకైతే ఏ ఇబ్బందీ లేదంటున్నాడు.

స్మార్ట్‌ఫోన్ వైపు కూడా కొంత సర్దుబాటు జరిగింది. మా అబ్బాయి సెట్టింగుల్లోకి పోయి కాల్‌లో తెర ఆరిపోకుండా చేశాడు, స్టార్టర్ నంబరు మొదటి పేజీలోనే పెట్టాడు. పొడి చేతులతో ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. తడి చేతులకు మాత్రం ఏ సెట్టింగూ సాయం రాలేదు. యాప్‌తో నడిచే కొత్త స్టార్టర్లు వచ్చాయి, వోల్టేజీ ఎంత, మోటరు ఎన్ని గంటలు ఆడింది అన్నీ చూపిస్తాయి, చూస్తే ఆశగానే ఉంటుంది. మా వంక దగ్గర నెట్ ఒక గీత ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, మామూలు కాల్ అయితే ఆ ఒక్క గీతకే కలుస్తుంది. అందుకని నేను మార్చలేదు.

ఇక రెండు ఫోన్లంటే రెండు రీఛార్జులు, డబ్బాలో ఉన్న సిమ్‌తో కలిపి మూడు. అదే అసలు టెన్షన్. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాక మాట్లాడటానికి మాత్రమే వాడే సిమ్‌కు కూడా డేటా ప్యాక్ వేయించుకోవాల్సి రావడం అన్యాయం అనిపించింది. ఆ ఏడాది డిసెంబరులో ఫోన్ కంపెనీలను నియంత్రించే ట్రాయ్ కల్పించుకుని కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే విడిగా ప్యాక్‌లు ఇవ్వాలని చెప్పింది, తర్వాత అవి వచ్చాయి కూడా. రీఛార్జి అంగట్లో అడగకపోతే వాళ్లు చెప్పరు, డేటా ఉన్నదే వేస్తారు. నెట్ లేని ఫోన్‌కు వాయిస్ ప్యాక్ అని గట్టిగా అడగండి. డబ్బా సిమ్‌కైతే ఇది మరీ ముఖ్యం, దాని గడువు అయిపోతే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది, మనం ఎంత చేసినా అది ఎత్తదు, పొరపాటు మోటరులో ఉందేమో అని మెకానిక్‌ను పిలిపించినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

కొనాలా వద్దా అంటే, డబ్బులు పంపడానికీ, తెగులు ఫోటో పంపడానికీ, మార్కెట్ రేటు చూసుకోవడానికీ ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోన్ ఉండాల్సిందే, మామూలు ధరది చాలు. అది ఇంట్లో ఒకరి దగ్గర ఉంటే మిగతావాళ్లకు బటన్ల ఫోనే మేలని నా అభిప్రాయం, మా ఇల్లు, మా తోట, మా వంకను బట్టి చెప్తున్న మాట ఇది. మీ బోరు ఇంటి వెనకే ఉంటే, లేదా మీ స్టార్టర్ మిస్డ్ కాల్‌కే ఆగే రకమైతే, నేను చెప్పినదాంట్లో సగం మీకు అక్కర్లేదు. కళ్లు సరిగ్గా కనపడని పెద్దవాళ్లు తోటకు వెళ్లే ఇల్లైతే నా మాట ఇంకొంచెం ఎక్కువ పట్టించుకోండి. ఏది కొన్నా, ఇంట్లో ఉన్న ఫోన్ల నంబర్లన్నీ, పక్క తోటవాళ్లలో నమ్మకమైన ఒకరి నంబరుతో సహా, స్టార్టర్‌లో ఎక్కించి పెట్టుకోండి. మా దాంట్లో ఇప్పుడు చిన్నాయన నంబరు కూడా ఉంది.