చంద్రగిరి వాలులో సిల్ట్ ఫెన్స్: మూడు వానాకాలాలు వాడిన తర్వాత

2022 డిసెంబర్‌లో మాండూస్ తుఫాను వానకు మా సైటు ఎర్రమట్టి కిందనున్న రైతు నారుమడిలోకి దిగింది. అప్పటికి మేము సిల్ట్ ఫెన్స్, అంటే వాన నీళ్లతో సైటు మట్టి కిందికి పోకుండా వాలు కింద కర్రలకు బిగించే గుడ్డ అడ్డు, కట్టి మూడు వారాలే. తెల్లారి ఆయన సైటుకొచ్చి గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "రా నాయినా, చూద్దువు గానీ" అని నా చెయ్యి పట్టుకుని మడి దగ్గరికి తీసుకెళ్లాడు. జానెడు ఎత్తు నారు, కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. చెయ్యి పెడితే పైన రెండు వేళ్ల మందాన మైదాపిండి లాంటి ఎర్రటి బురద, దాని కింద గరుకు ఇసుక. నారు డబ్బులు ఇచ్చేశాం, ఆయన పక్క ఊళ్లో కొనుక్కున్నాడు. కానీ ఆ మడి గట్టు మీద నిలబడిన పది నిమిషాలు నేను మర్చిపోలేను. ఈ సమీక్ష రాయడానికి కారణం కూడా అదే.

నేను తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల సైట్ సూపర్‌వైజర్‌గా పని చేస్తాను. కొండ వాలుల్లో వేసే లేఅవుట్లు, అపార్ట్‌మెంట్ పునాదులు, రోడ్డు కోతలు ఎక్కువ. 2021 నవంబర్ దాకా సైటు మట్టి ఎక్కడికి పోతోందని మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు. ఆ నెల 18, 19 తేదీల్లో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ తర్వాత మా సైట్ల కింద కాలవల్లో పూడిక తీయించింది మేమే. తీసిన మట్టిలో సగం మా సైట్లదే అని రంగు చూస్తేనే తెలిసిపోయింది. మరుసటి ఏడాది చంద్రగిరి వైపు కొత్త లేఅవుట్ మొదలుపెట్టేటప్పుడు ఇంజినీరు సిల్ట్ ఫెన్స్ పెడదామన్నారు. నాకూ నచ్చింది. కట్టడం మాత్రం మాకెవరికీ రాదు.

మొదటిసారి మేము చేసింది ఇది. ప్లాటు హద్దు వెంబడి తిన్నగా కర్రలు పాతాం, గుడ్డ బిగించాం, కింది అంచు మీద పారతో నాలుగు పారల మట్టి వేశాం. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది, ఫోటోలు కూడా తీశాం. హద్దు తిన్నగా ఉంటుంది గానీ నేల అలా ఉండదు కదా. దాదాపు 60 సెంట్ల నేల మీద పడిన వానంతా ఫెన్స్ వెంబడి జారుకుంటూ వచ్చి ఒకే మూలకు చేరింది. అక్కడ గుడ్డ చిరగలేదు, కర్ర విరగలేదు. గుడ్డ కింద పిల్లి దూరేంత సందు పడింది, నీళ్లు ఆ సందులోంచి బుసకొడుతూ పోయాయి. మిగతా ఫెన్స్ అంతా ఎక్కడిదక్కడ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

చాలామంది దీన్ని జల్లెడ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నీళ్లు గుడ్డలోంచి పోతాయి, మట్టి ఆగిపోతుంది అని. నిజానికి గుడ్డ రంధ్రాలు మొదటి గట్టి వానకే సన్న మట్టితో మూసుకుపోవడం మొదలవుతుంది. ఫెన్స్ చేసే అసలు పని నీటిని కాసేపు నిలబెట్టడం. నిలిచిన నీళ్లలో ఇసుక, గరుకు ఒండ్రు అడుక్కి దిగుతాయి, పైన తేరిన నీళ్లు మెల్లగా ఊరుతూ బయటికి పోతాయి. అంటే మనం కట్టేది గుడ్డతో చేసిన చిన్న చెరువు కట్ట. అలా చూడటం మొదలుపెట్టాక నా లెక్కలన్నీ మారిపోయాయి.

ఆ లెక్క మీరూ ఒకసారి వేసుకోండి. 100 అడుగుల ఫెన్స్‌కి పైనుంచి నీళ్లొచ్చే నేల పావు ఎకరం, అంటే 25 సెంట్లు దాటకూడదని సాధారణంగా పాటించే నియమం. పైవాలు పొడవు కూడా 100 అడుగుల లోపే ఉండాలి, వాలు నిటారుగా ఉంటే ఇంకా తగ్గించాలి. 25 సెంట్ల మీద ఒక్క అంగుళం వాన పడితే 25 వేల లీటర్లు. నేల తాగేది తాగినా, మన వీధుల్లో తిరిగే పెద్ద ట్యాంకర్లు రెండు తెచ్చి ఫెన్స్ ముందు గుమ్మరించినట్టే. నిలిచిన నీళ్లు అడుగున్నర ఎత్తుకు వస్తే ఒక్కో మీటరు ఫెన్స్ మీద సుమారు 100 కిలోల తోపుడు ఉంటుంది. కర్రలు రెండు మీటర్ల దూరంలో పాతితే ఒక్కో కర్ర 200 కిలోలు మొయ్యాలి. మేము మొదటిసారి పదడుగులకొకటి పాతాం, అదీ అడుగు లోతులో. అది పడిపోకపోవడానికి కారణం కింద సందు పడి నీళ్లు ముందే వెళ్లిపోవడం ఒక్కటే.

రెండో ఏడు పద్ధతి మార్చాం. దానికి దారి చూపింది మా దగ్గర కూలికి వచ్చే ఒక అక్క. ఉపాధి హామీ పనుల్లో కొండ వాలు మీద కందకాలు తవ్విన మనిషి. నేను సున్నంతో తిన్నగా గీత గీస్తుంటే ఆగి చూసి, "ఏంది సార్, లెవెల్ చూడకుండా గీస్తాండారు? మేము కొండ మీద తవ్వినప్పుడు ఇంగ్లీషు A ఆకారం చట్రం పెట్టి అడుగడుగుకీ చూసేవాళ్లం గదా" అంది. ఫెన్స్ కాంటూర్ వెంబడే పోవాలి, అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఎత్తు మీద. నేను చదివిన కాగితంలోనూ అదే ఉంది. కానీ ఆమె చెప్పేదాకా అది నాకు బుర్రకెక్కలేదు. ఆ రోజు మేస్త్రి దగ్గరున్న, రెండు చోట్ల ఎత్తు సమానమో కాదో చూసే నీళ్ల ట్యూబ్ తీసుకుని ఇద్దరం చెరో కొస పట్టుకున్నాం. ట్యూబులో బుడగ లేకుండా నీళ్లు నింపడం, నీళ్లు ఊగడం ఆగేదాకా ఓపిక పట్టడం, ఆరడుగులకొక గుర్తు పెట్టడం. 200 అడుగులకు ఒక పూట పట్టింది. గీసిన గీత పాము మెలికలు తిరిగినట్టుంది, హద్దుకు ఏ సంబంధమూ లేదు. ఇంజినీరు చూసి నవ్వుతూ, "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు.

ఇక గాడి. నా అనుభవంలో సిల్ట్ ఫెన్స్ బాగోగులు ముప్పాతిక పాళ్లు ఈ గాడి మీదే ఆధారపడి ఉంటాయి. గీత వెంబడి ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు తవ్వాలి. కర్రలు గాడికి కిందివాలు వైపు పాతాలి. గుడ్డ కర్రలకు పైవాలు వైపు ఉండాలి, అప్పుడే నీళ్లు నెట్టినప్పుడు గుడ్డ కర్రను ఆనుకుంటుంది. తిరగేసి కడితే మేకు దగ్గర చిరుగుతుంది. గుడ్డ కింది అంచును గాడిలోకి దించి, అడుగున పైవాలు వైపు మడిచి, మట్టి పూడ్చి దిమ్మిసతో కొట్టాలి. ఈ కొట్టడం దగ్గరే అందరూ తప్పించుకుంటారు. పూడ్చాక కాలితో తొక్కేసి అయిపోయిందంటారు. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది: పూడ్చిన చోట గుడ్డను రెండు చేతులతో పట్టి పైకి లాగుతాను. అంగుళం కదిలినా ఆ ముక్క మళ్లీ తవ్వి కొట్టాల్సిందే. మా చంద్రగిరి నేలలో పైన ఎర్రమట్టి, అడుగులోపే మొరం, గడ్డపార లేకుండా దిగదు. ముగ్గురు మనుషులు రోజంతా చేస్తే వంద అడుగులు కూడా గాడి కావడం కష్టం. గుడ్డ ఖర్చు కంటే కూలి ఖర్చే ఎక్కువ, ముందే చెప్పుకోవాలి.

రెండు కొసల సంగతి కూడా చిన్నది కాదు. కొసలను కొడవలిలా పైవాలు వైపు తిప్పి, కొస దగ్గరి నేల, మధ్యలో ఉన్న ఫెన్స్ తల కంటే ఎత్తుకు వచ్చేదాకా తీసుకెళ్లాలి. లేకపోతే నీళ్లు పక్క నుంచి తిరిగి పోతాయి. రెండు చుట్టలు కలిసే చోట గుడ్డను ఊరికే ఒకదాని మీద ఒకటి వేసి కుట్టడం పనికిరాదు. రెండు చుట్టల చివరి కర్రలను పక్కపక్కన పెట్టి, గుడ్డతో సహా ఒకదాన్నొకటి చుట్టుకునేలా మెలిపెట్టి, రెంటినీ కలిపి పాతాలి.

వస్తువు గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తిరుపతిలో సిల్ట్ ఫెన్స్ అని అడిగితే చాలా షాపుల్లో నర్సరీలకు వాడే పచ్చ షేడ్ నెట్ చూపిస్తారు. అది నీడకు పనికొస్తుంది, మట్టికి కాదు, కళ్లు మరీ పెద్దవి. ఒక సైటులో ఖర్చు తగ్గుతుందని యూరియా సంచులు కోసి కుట్టించాం. వానాకాలం బానే నిలబడ్డాయి, మార్చి ఎండలకు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయాయి. ఆ ప్లాస్టిక్ పీచు ఏరడానికి రెండు రోజులు పట్టింది, ఇప్పటికీ అక్కడ మట్టిలో దొరుకుతూనే ఉంది. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఎండకు తట్టుకునే మందు కలిపిన నేత పాలీప్రొపిలీన్ జియోటెక్స్‌టైల్ (మట్టి పనులకు వాడే ప్లాస్టిక్ గుడ్డ) అని అడిగి, కాగితం మీద రాయించుకుని కొనండి. ఒక షాపువాళ్లు మాకు నోటిమాటగా చెప్పి మామూలు గుడ్డ అంటగట్టారు, అది ఒక్క ఎండాకాలం దాటలేదు. ఇప్పుడు వాడుతున్నది రెండో ఏడు నడుస్తోంది, గట్టిగానే ఉంది. కర్రలకు మొదట సర్వి (సరుగుడు) వాడాం. చెదలు పట్టకుండా ఒక సీజన్ వస్తాయి. నీళ్లు ఎక్కువ చేరే మూలల్లో మాత్రం ఇనుప యాంగిల్స్, వెనుక వైర్ మెష్ పెడుతున్నాం.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చింది. ముందురోజు రాత్రి నాకు నిద్ర లేదు, టెన్షన్. తెల్లవారుజామున టార్చి పట్టుకుని వెళితే ఫెన్స్ వెనుక నీళ్లు అడుగు పైన నిలిచి ఉన్నాయి. గుడ్డ మీద చెయ్యి ఆనిస్తే నిండిన తోలుసంచిలా ఉబ్బి ఉంది, బయటివైపు సన్న చెమటలా నీళ్లు ఊరుతున్నాయి. మూడు రోజుల తర్వాత నీళ్లు ఇంకాక చూస్తే గుడ్డ పక్కన తొమ్మిది అంగుళాల మట్టి. పైన సన్న బురద పగుళ్లిచ్చి, కింద ఇసుక పొరలు పొరలుగా. అదే రైతు ఆ ఏడాది నారు మా ఫెన్స్‌కి ఇరవై గజాల దూరంలోనే పోశాడు. అందులోకి ఎర్రనీళ్లు కొంచెం వెళ్లాయి గానీ, మట్టి మేట పడలేదు.

ఆ ఎర్రనీళ్ల గురించి కూడా చెప్పాలి. బంకమట్టి రేణువులు మరీ సన్నవి. గంటల తరబడి నిలబెట్టినా అడుక్కి దిగవు. బంకనేల ఉన్న సైటులో ఫెన్స్ ఒక్కదాన్నే నమ్ముకుంటే రంగునీళ్లు చెరువు దాకా పోతాయి. అందుకే ఇప్పుడు మట్టిని అసలు కదలనివ్వకుండా చేయడం మీదే మా శ్రద్ధ ఎక్కువ. కోసిన వాలు మీద ఆ వారం పని లేకపోతే చెరకు ఆకు పరిచేస్తున్నాం. చిత్తూరు వైపు బెల్లం గానుగల దగ్గర, చెరకు తోటల్లో ఆకు కావలసినంత దొరుకుతుంది, చాలామంది తగలబెట్టేస్తారు. వాన చినుకు నేరుగా నేలను కొట్టకుండా ఆపితే ఫెన్స్ దగ్గరికి వచ్చే మట్టి చాలా తగ్గిపోతుంది, నా కళ్లతో చూశాను.

వంకకు అడ్డంగా మాత్రం దీన్ని ఎప్పుడూ కట్టకండి. చిత్తూరు దగ్గర ఒక రోడ్డు కోత పనిలో పక్క కాలవకు అడ్డంగా సిల్ట్ ఫెన్స్ కట్టమని పట్టుబట్టారు. వద్దన్నాను, వినలేదు. మొదటి వానకే కర్రలతో సహా ఎత్తుకుపోయి కింద కల్వర్టు నోట్లో అడ్డం పడింది, నీళ్లు రోడ్డెక్కాయి. పరుచుకుని పారే నీళ్లకే ఇది. పోగై పారే చోట రాళ్లు పేర్చి, మధ్యలో పక్కల కంటే తగ్గించి కట్టే చిన్న రాతి కట్టలే సరైనవి. మన పల్లెల్లో వాటర్‌షెడ్ పనులు చేసినవాళ్లకు అవి కట్టడం బాగా తెలుసు.

రోజువారీ చాకిరీ గురించి ఎవరూ చెప్పరు. ప్రతి వాన తర్వాతా ఫెన్స్ పొడవునా నడవాలి. మట్టి గుడ్డ ఎత్తులో మూడో వంతు చేరగానే తీసేయాలి, సగం దాకా ఆగితే మరుసటి వానకు నీళ్లు నిలిచే చోటే ఉండదు. జేసీబీతో తీయిస్తే బకెట్ పంటికి గుడ్డ తగులుకుంటుంది, పార, గంపలే మేలు. అందుకే వాలు అడుగునే ఆనించకుండా ఐదు నుంచి పది అడుగులు వదిలి కట్టాలి, మనిషి దిగి పని చేయడానికి, నీళ్లు నిలవడానికి జాగా ఉంటుంది. టిప్పర్ డ్రైవర్లకు మొదటి రోజే చెప్పాలి. దగ్గర దారని రెండు కర్రలు పీకి బండి పోనిచ్చి, మళ్లీ అలాగే గుచ్చేసి పోయినవాళ్లు ఉన్నారు. మేకలు, ఆవులు రాసుకుని కర్రలు వదులైపోతాయి. సైటుకు ఒక మనిషిని దీనికోసం పెట్టలేకపోతే కట్టకపోవడమే నయం. కట్టేశామన్న ధీమాతో కిందివాళ్ల గురించి ఆలోచించడం మానేస్తాం.

2024లో ఫెంగల్ తుఫాను వానకు పెద్దగా ఇబ్బంది రాలేదు. ఒక్కచోట ఎలుక బొక్క వల్ల గాడి కింద ఊట మొదలైతే ఇసుక మూటలు వేసి ఆపాం. ఆ సైటులో వాలంతా గరిక పట్టాక ఫెన్స్ పీకేశాం, గుడ్డ ముక్క మిగలకుండా తవ్వి తీశాం, గాడి చదును చేశాం. మడత పెట్టిన గుడ్డలో బాగున్నంత మేర దాచి ఉంచాను. చేరిన మట్టిని ప్లాటు మూలకు తోలించి మొక్కల గుంతల్లో వాడుకున్నాం.

కరకంబాడి వైపు మొదలయ్యే కొత్త సైటుకు మళ్లీ ఇదే వాడుతున్నాను. మన దగ్గర అసలు వానలు అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో కదా, సెప్టెంబర్ ఆఖరుకల్లా గాడి పని అయిపోవాలని పట్టుబట్టాను. నేల తడిశాక దిమ్మిస కొడితే బురద జారుతుందే గానీ బిగుసుకోదు. ట్యూబ్ పట్టడానికి ఆ అక్కకే కబురు పెట్టాను, ఈసారి కూలికి కాదు, గీత గీసే పనికి, మేస్త్రి రేటుకి.