ప్రతాపరుద్రీయమా, తుగ్లకా: విశాఖలో ఇప్పుడు ఏది ఆడాలి?

1323లో ఓరుగల్లు కోటను పట్టుకున్నవాడు ఉలుగ్ ఖాన్. రెండేళ్లకు అతనే మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కాడు. బందీగా బయల్దేరిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకుండానే నర్మద ఒడ్డున చనిపోయాడు. ఈ చరిత్రకు చెరో వైపునా నిలబడ్డ నాటకాలు రెండున్నాయి: 1897లో వేదం వేంకటరాయశాస్త్రి రాసిన ప్రతాపరుద్రీయం, 1964లో గిరీష్ కర్నాడ్ కన్నడంలో రాసిన తుగ్లక్. ఈసారి ఏది వేద్దామని విశాఖలో మా నాటక మిత్రుల మధ్య వాదన నడుస్తోంది.

ప్రతాపరుద్రీయం చరిత్రను తిరగరాస్తుంది. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరిగి, ఏకంగా సుల్తానునే పట్టుకొస్తాడు. రాజు క్షేమంగా ఇల్లు చేరతాడు. తెల్లవాడి ఏలుబడిలో తలొంచుకుని బతుకుతున్న 1897 నాటి ప్రేక్షకుడికి ఆ కల్పన ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. అప్పట్లో దొర మీద కోపాన్ని దొర పేరు పెట్టి చూపించడం కుదరదు, సుల్తాను పేరు పెడితే కుదురుతుంది.

చిక్కంతా అక్కడే. ఈ రోజు హాల్లో కూర్చున్నవాడికి దొర గుర్తుకురాడు. సుల్తాను మాత్రమే కనిపిస్తాడు, ఆ కోపం నేరుగా పక్కింటి సాయిబు మీదికి పోతుంది. హార్బరు దగ్గర వెంకన్న గుడి, చర్చి, దర్గా మూడు కొండల మీద పక్కపక్కనే ఉన్న ఊరు మనది. ఆ మూడు కొండల కింద బతికేవాళ్లంతా మన ప్రేక్షకులే.

తుగ్లక్‌లో కొట్లాట బయటి శత్రువుతో కాదు. మొదటి రంగంలోనే, తన భూమిని సర్కారు అన్యాయంగా లాక్కుందని ఒక బ్రాహ్మణుడు సుల్తాను మీద దావా వేసి గెలుస్తాడు. న్యాయానికి మతం లేదని చాటడానికి సుల్తానుకు అంతకంటే ఏం కావాలి? తీరా చూస్తే ఆ బ్రాహ్మణుడు వేషం వేసుకున్న అజీజ్ అనే ముస్లిం చాకలి. పెద్ద మనసుతో చేసిన చట్టం మొదటి రోజే మోసగాడి చేతిలో పడింది. ఇంకో రంగంలో నమాజు వేళ సుల్తానును చంపాలని సర్దారులు పన్నాగం పన్నుతారు. అది బయటపడ్డాక అతను రాజ్యంలో ప్రార్థననే నిషేధిస్తాడు. మతాన్ని రాజకీయానికి దూరంగా ఉంచాలని బయల్దేరినవాడు చివరికి ఎవరినీ నమ్మలేని స్థితికి చేరడం నెహ్రూ తరం ఆశాభంగమని చాలామంది చదివారు. ఆ చదువు సరైందే, కానీ నాకది నెహ్రూతో ఆగిపోయే కథలా అనిపించదు.

రెండింట్లోనూ మారువేషం వేసుకున్న చాకలి ఉండటం నన్ను వదలని విషయం. రాజు పోలికలున్న పేరిగాడికి యుగంధరుడు రాజవేషం కడతాడు. పాత్రకు తగిన భాష అని పట్టుబట్టిన శాస్త్రిగారు వాడి నోట వాడి మాటే పలికించారు. ఆ కాలానికి అది సాహసం. అయినా పేరిగాడు ఎవరో కట్టిన వేషం వేసినవాడే. అజీజ్ తన వేషం తానే ఎంచుకుంటాడు, రాజ్యం లోగుట్టు పట్టేస్తాడు. కులం గురించి రెండు కాలాల ఆలోచన ఎంత మారిందో ఈ ఇద్దరిని పక్కపక్కన పెడితే చాలు, తెలిసిపోతుంది.

కర్నాడ్ నాటకంతో ఇబ్బందులు లేకపోలేదు. పదమూడు రంగాలు, బోలెడు పాత్రలు, రిహార్సళ్లకే నెలలు కావాలి. పద్యానికి వన్స్ మోర్ కొట్టే మన పెద్దవాళ్లకు కొంచెం వెలితిగానే ఉంటుంది. పైగా, మన తెలుగు నాటకాన్ని పక్కనపెట్టి కన్నడం నుంచి తెచ్చుకోవడమేంటని మా వాళ్లలో ఒకాయన బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైందే.

అయినా గురజాడ కళాక్షేత్రంలో ఒక్క సాయంత్రమే దొరికితే నా ఓటు తుగ్లక్‌కే. రెండో సాయంత్రం కూడా దొరికితే, ప్రతాపరుద్రీయంలో పేరిగాడి రంగాలు మాత్రం విడిగా వేద్దామంటాను. వాటికి మా దగ్గర మంచి నటుడు కూడా ఉన్నాడు.