కొత్త డిజిటల్ యూనిఫాం, పాత కంబాట్ డ్రెస్, అమెరికా ఓసీపీ: ఏది మేలు?

2022 జనవరి 15న, ఆర్మీ డే నాడు, ఢిల్లీ కంటోన్మెంట్‌లోని కరియప్ప పరేడ్ గ్రౌండ్‌లో పారాచూట్ రెజిమెంట్ జవాన్లు చిన్న చిన్న గళ్ళ మచ్చలున్న కొత్త డిజిటల్ యూనిఫాంలో కవాతు చేశారు. అప్పటి నుంచీ ఒకటే చర్చ. ఈ గళ్ళ డిజైన్ మేలా, పాత ఆకుల డిజైన్ మేలా? అమెరికా ఆర్మీ ఇప్పుడు వాడే ఓసీపీ డిజైన్ యూనిఫాం మనదానికంటే గొప్పదా? శ్రీకాకుళం నుంచి సైన్యానికి వెళ్ళిన కుర్రాడి ఇంట్లో అయినా, సికింద్రాబాద్‌లో రిటైరైన సుబేదార్ గారి ఇంట్లో అయినా ఈ మాట రాక తప్పదు. నన్నడిగితే గళ్ళా, ఆకులా అన్నది చివర్లో చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది రంగు, ఆ తర్వాత బట్ట, ఆ తర్వాత జేబులు.

రంగు సంగతి అర్థం కావాలంటే అమెరికా ఆర్మీ తిన్న దెబ్బ తెలియాలి. 2004లో వాళ్ళు యూసీపీ అనే డిజిటల్ డిజైన్ తెచ్చారు. అడవి, ఎడారి, పట్నం అన్నిటికీ ఇదొక్కటే చాలన్నారు. ఇసుక రంగు, బూడిద రంగు, బూడిద కలిసిన పచ్చ, అంతే. ప్రకృతిలో నలుపు పెద్దగా ఉండదని నలుపు తీసేశారు. నలుపు వస్తువులు తక్కువే కావచ్చు, కానీ చెట్టు కింద, రాయి పక్కన, ఆకుల సందుల్లో ఉండే నీడ సంగతేమిటి? ముదురు రంగు లేకపోతే ఆ నీడను బట్ట మీద చూపించేది ఏదీ ఉండదు. పైగా ఆ మూడు రంగులూ ఒకటి ముదురు, ఒకటి లేత అని లేకుండా దాదాపు ఒకేలా లేతగా ఉండేవి. దగ్గర నిలబడితే గళ్ళు కనిపిస్తాయి. కాస్త దూరం వెళ్తే అన్నీ కలిసిపోయి లేత బూడిద రంగులో ఒక మనిషి ఆకారం మిగులుతుంది.

అఫ్గానిస్థాన్ మట్టి కొండల మీద, పొలాల గట్ల వెంట ఆ లేత ఆకారం కొట్టొచ్చినట్టు కనిపించేది. విషయం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్ళింది. 2009లో కాంగ్రెస్ గట్టిగా చెప్పాక, 2010లో అక్కడికి వెళ్ళే దళాలకు మల్టీకామ్ డిజైన్ ఇవ్వడం మొదలుపెట్టారు. యూసీపీని పూర్తిగా వదిలించుకునేసరికి 2019 సెప్టెంబర్ 30 వచ్చింది. ఒక తప్పు రంగు పదిహేనేళ్ళు సైనికుల ఒంటి మీదే ఉండిపోయిందంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

దీన్ని చూసి డిజిటల్ డిజైనే దండగ అనుకోకూడదు. అదే అమెరికాలో మెరైన్లు, అంటే ఆర్మీతో సంబంధం లేని ఇంకో సైనిక దళం, అంతకుముందే మార్‌పాట్ అనే డిజిటల్ డిజైన్ తెచ్చుకున్నారు. అది బాగానే పనిచేసింది, ఇప్పటికీ వాడుతున్నారు. వాళ్ళు అడవికి ఒకటి, ఎడారికి ఒకటి విడిగా చేయించుకున్నారు. అడవి దాంట్లో నలుపు కూడా ఉంది. అక్కడా గళ్ళే, ఇక్కడా గళ్ళే. ఫలితం మారింది రంగుల వల్ల.

మీరే చూసుకోవచ్చు. ఏ యూనిఫాం ఫొటో అయినా ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి, వేలి గోరంత సైజుకు తగ్గించండి. భుజం గీత, నడుం గీత ముక్కలుగా విరిగినట్టు కనిపిస్తే డిజైన్ తన పని తాను చేస్తోంది. ఒకే ముద్దగా కనిపిస్తే చేయడం లేదు. యూసీపీ ఈ పరీక్షలో తేలిపోతుంది. మల్టీకామ్ నిలబడుతుంది. దాంట్లో పెద్ద మచ్చలు, ఒకదాంట్లోంచి ఒకటి కరిగినట్టుండే గోధుమ, పచ్చ రంగులు, మధ్యమధ్య సన్నటి ముదురు, లేత పుల్లలు ఉంటాయి. పచ్చటి చోట పచ్చగా, ఎండిన చోట మట్టిగా కనిపిస్తుంది. 2015 నుంచి అమెరికా ఆర్మీ వాడుతున్న ఓసీపీ దీనికి దగ్గరి బంధువు. బ్రిటన్ కూడా 2010లో తన పాత డిజైన్ మానేసి మల్టీకామ్ ఆధారంగా ఎంటీపీ అనే డిజైన్ చేయించుకుంది. దాగడం ఒక్కటే లెక్కయితే నా ఓటు ఓసీపీకే.

ఇప్పుడు మన సంగతి. పాత కంబాట్ డ్రెస్‌లో పెద్ద పెద్ద ఆకుల్లాంటి మచ్చలు, ముదురు పచ్చ ఎక్కువ. ఈశాన్యంలో, వర్షాకాలపు అడవుల్లో ఇప్పటికీ దానికి వంక పెట్టలేం. ఎండిన గడ్డి, మట్టి, రాళ్ళు ఉన్నచోట మాత్రం అది ముదురుగా తేలుతుంది. కొత్త డిజైన్‌లో ఆలివ్ పచ్చ, మట్టి రంగులు కలిశాయి, మచ్చలు చిన్నవయ్యాయి. జమ్ము కొండల్లో, దక్కన్ పొదల్లో, వేసవిలో సగం ఎండిన అడవిలో ఇది పాతదానికంటే మెరుగని నా అభిప్రాయం. అయితే అన్ని ప్రాంతాలకూ పనికొస్తుందని అధికారికంగా చెప్పిన మాటను నేను కొంచెం జాగ్రత్తగానే తీసుకుంటాను. థార్ ఇసుకకూ అరుణాచల్ అడవికీ ఒకటే బట్ట సరిపోవాలంటే రెండు చోట్లా కొంత రాజీ తప్పదు. అమెరికా ఆ మాటే నమ్మి నష్టపోయింది. మనవాళ్ళు కనీసం ముదురు రంగును వదులుకోలేదు.

సౌకర్యం దగ్గర మాత్రం నాకు అనుమానమే లేదు, పాతదానిమీద కొత్తది చాలా మెరుగు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, అంటే మన నిఫ్ట్, సైన్యంతో కలిసి దీన్ని తయారుచేసింది. కాటన్ 70 వంతులు, పాలిస్టర్ 30 వంతులు. తేలిక, గాలి ఆడుతుంది, తడిస్తే త్వరగా ఆరుతుంది. పాత చొక్కా ప్యాంటులోకి దోపి, పైన బెల్టు బిగించాలి. ఎండాకాలం ఆ బెల్టు కింద చెమట పట్టి, ఒరుసుకుని, చెమటకాయలు లేస్తాయి. కొత్త జాకెట్ బయటికే ఉంటుంది, బెల్టు లోపల. లోపల ఆలివ్ పచ్చ గుండ్రటి మెడ టీషర్టు. ప్యాంటు నడుం దగ్గర ఎలాస్టిక్, బొత్తాలతో సర్దుకోవచ్చు. పాకుతూ, గోడలు దూకుతూ తిరిగే మనిషికి ముందు చిరిగేది కాళ్ళ మధ్య కుట్టే, అందుకే అక్కడ రెండు పొరల బట్ట వేశారు. మహిళా సైనికులకు వాళ్ళ శరీరానికి తగ్గట్టు కొలతలు మార్చారు. ఇది ఎప్పుడో జరగాల్సింది.

జేబుల విషయంలో నాకు ఒక పట్టింపు ఉంది. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకున్నాక ఛాతీ జేబులు, నడుం కింది జేబులు చాలావరకు అందకుండా పోతాయి. చెయ్యి సులువుగా చేరేది భుజం మీదికి, తొడ మీదికి. అమెరికా వాళ్ళు ఈ లెక్కతోనే 2004 నాటి కోటులో కింది జేబులు తీసేసి, భుజాల మీద జేబులు పెట్టారు, ఛాతీ జేబుల్ని ఏటవాలుగా కుట్టారు. మన కొత్త జాకెట్‌లో ఎడమ చేతి మీద పెన్ను పెట్టుకునే చోటు ఉంది, ఛాతీ మీద నిలువు చీలిక జేబు ఉంది, బాగుంది. కింది జేబులు మాత్రం అలాగే ఉంచారు. క్యాంపులో అవి హాయిగా ఉంటాయి, పూర్తి సరంజామాతో బయల్దేరినప్పుడు అక్కరకు రావు. ఇది చిన్న లోపమే, దిద్దుకోదగ్గది.

అమెరికా వాళ్ళను ఇక్కడా గుడ్డిగా అనుసరించకూడదు. ఆ కోటుకు వాళ్ళు బొత్తాలకు బదులు వెల్క్రో, అంటే నొక్కితే అతుక్కునే పట్టీలు, విచ్చలవిడిగా వాడారు. మాటువేసి కూర్చున్న చోట జేబు తెరిస్తే చర్రున చప్పుడు. దుమ్ము, మట్టి ఇరుక్కుంటే అది అతుక్కోదు కూడా. తర్వాత తొడ జేబులకు మళ్ళీ బొత్తాలే కుట్టారు. బొత్తం తెగితే సూదీ దారంతో కుట్టుకోవచ్చు, వెల్క్రో పాడైతే జవాను చేతిలో ఏమీ ఉండదు.

ఇక నిప్పు. దీని గురించి మనవాళ్ళు తగినంతగా మాట్లాడుకోవడం లేదు. పాలిస్టర్ కాలినప్పుడు కరిగి చర్మానికి అతుక్కుంటుంది. 2006లో ఇరాక్‌లో అమెరికా మెరైన్లకు, క్యాంపు దాటి వెళ్ళేటప్పుడు పాలిస్టర్ బనియన్లు వేసుకోవద్దని ఆదేశాలు ఇచ్చింది ఇందుకే. అమెరికా మామూలు యూనిఫాం కూడా నైలాన్, కాటన్ చెరి సగం కలిపిన బట్టే, అదీ కరుగుతుంది. అందుకే యుద్ధక్షేత్రానికి వెళ్ళేవాళ్ళకు నిప్పు తట్టుకునే నూలుతో విడిగా యూనిఫాం ఇస్తారు. 30 వంతుల పాలిస్టర్ రోజువారీ డ్యూటీకి ఫరవాలేదు. ట్యాంకుల్లో, కాన్వాయ్ వాహనాల్లో ఉండేవాళ్ళకు మాత్రం నిప్పు తట్టుకునే బట్ట విడిగా ఉండి తీరాలి. ఖర్చు ఎక్కువైనా సరే.

రాత్రి దాగడం ఇంకో లెక్క. పచ్చటి ఆకులు మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును బాగా వెనక్కి పంపుతాయి. చీకట్లో చూపించే నైట్ విజన్ పరికరం ఆ వెలుగునూ పట్టుకుంటుంది. అద్దకం ఆ లెక్కకు తగ్గట్టు లేకపోతే పగలు ఆకుల్లో కలిసిపోయిన యూనిఫాం రాత్రి విడిగా తేలుతుంది. మంచి రంగుల్ని ఉతికేటప్పుడు మనమే పాడుచేసుకుంటాం. బట్టను తెల్లగా మెరిపించే సర్ఫుల్లో వెలుగును వెదజల్లే రసాయనాలు ఉంటాయి. గంజి బట్టలోని సందుల్ని మూసేస్తుంది, ఇస్త్రీ పడితే నిగనిగలాడుతుంది. అమెరికా ఆర్మీ గంజి, ఇలాంటి సర్ఫులు రెండూ వద్దని నియమం పెట్టింది. కత్తిలాంటి మడతలు పరేడ్‌కు అందం. వాటికి వేరే డ్రెస్ ఉంది, కంబాట్ డ్రెస్‌ను వదిలేయాలి.

కొత్త యూనిఫాం గెలిచే చోటు ఇంకొకటి ఉంది, అది దొంగ సరుకు. పాత బట్ట బజారులో మీటర్ల లెక్కన దొరికేది, ఏ దర్జీ అయినా కుట్టేవాడు. పంజాబ్‌లో 2015లో దీనానగర్‌లో, 2016లో పఠాన్‌కోట్‌లో దాడి చేసిన ఉగ్రవాదులు ఆర్మీ దుస్తుల్లోనే వచ్చారు. కొత్త డిజైన్‌ను 2022లో సైన్యం తన పేరున రిజిస్టర్ చేయించుకుంది. హక్కు పదేళ్ళు, మరో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు. అనుమతి లేకుండా తయారుచేసినా, అమ్మినా కేసు వేయొచ్చు. పిల్లలకు ఫొటో కోసం ఆ గళ్ళ బట్ట కొని కుట్టించే అలవాటు మనమూ మానుకోవాలి.

అందుకే నా తీర్పు ఒకే ముక్కలో చెప్పలేను. ఏ నేల మీదైనా కంటికి దొరకకుండా ఉండాలంటే అమెరికా ఓసీపీ. దట్టమైన తడి అడవిలో మన పాతది ఇప్పటికీ గట్టిదే. మన ఎండలో, మన చెమటలో రోజుకు పదహారు గంటలు ఒంటి మీద ఉండాల్సిన బట్టగా మన కొత్త డిజిటల్ యూనిఫాం. జవాన్లకు ఒక జత 15 నెలలు రావాలన్న లెక్కతో ఇస్తున్నారు. కాటన్ ఎక్కువున్న బట్ట హాయిగానే ఉంటుంది కానీ, వారానికి మూడు నాలుగు ఉతుకులు పడితే రంగు వెలుస్తుంది. వెలిసిన ఆలివ్ పచ్చ లేత బూడిదకు దిగుతుంది, యూసీపీని ముంచిన రంగు సరిగ్గా అదే. గడువు తీరకముందే రంగు వెలిసినవాటిని, చిరగలేదు కదా అని చూడకుండా, మార్చి ఇవ్వాలి.