మామయ్యగారు తడిపిన గోడ: ఐదేళ్ల తరువాత మా ఇంటి మరమ్మతులపై సమీక్ష

కాకినాడలో మా మామయ్యగారు 1986లో కట్టించిన ఇంటికి మేము 2020 ఫిబ్రవరిలో మరమ్మతులు మొదలుపెట్టి ఆ ఏడాది దసరా నాటికి ముగించాము. పని పూర్తయిన కొత్తలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది కనుక, రంగు వాసన పోకముందే చెప్పే అభిప్రాయాలకు నేను పెద్దగా విలువ ఇవ్వను. ఇప్పుడు ఐదు ఎండాకాలాలు, ఐదు వానాకాలాలు గడిచాయి. ఏ పని నిలిచింది, ఏది నిలవలేదు, ఏ ఖర్చు వృథా అయింది అనే ప్రశ్నలకు జవాబులు ఇల్లే చెప్పింది. ఇల్లు ఖాళీ చేయకుండా అత్తయ్యగారు, మామయ్యగారు, మావారు, నేను, పాప ఐదుగురమూ అందులోనే ఉంటూ చేయించుకున్న పని ఇది. అందుచేత గోడల సంగతి, మనుషుల సంగతి కలిపే రాస్తున్నాను.

మరమ్మతులు సరదాకు మొదలుపెట్టినవి కావు. ఒక రాత్రి అత్తయ్యగారు పాలు తోడుపెట్టి వంటగదిలోంచి ఇవతలికి వచ్చిన కాసేపటికే, శ్లాబు నుంచి అరచేయంత పెచ్చు ఊడి సరిగ్గా ఆమె నిలబడిన చోట పడింది. తలెత్తి చూస్తే ఎర్రగా తుప్పుపట్టిన చువ్వ కనిపించింది. పైనుంచి దిగిన చెమ్మ, ఉప్పుగాలి కలిసి చువ్వను తినేశాయి. ఇనుము తుప్పుపడితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన చోట సిమెంటు పూసి రంగు వేయించుకుంటే ఏడాదిలో మళ్లీ ఊడుతుందని మేస్త్రి ముందే హెచ్చరించాడు. గుల్లబారినదంతా కొట్టేసి, చువ్వలను తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు నివారణ పూత వేసి, పాత కాంక్రీటుకు పట్టుకునే ప్రత్యేకమైన గారతో పూడ్చాడు. ఈ ఐదేళ్లలో ఆ చోట సన్నని పగులు కూడా రాలేదు.

వంటగది మొత్తం కొట్టించి, హాలుకూ వంటగదికీ మధ్య ఉన్న గోడకు కొత్తగా ప్లాస్టరింగ్ చేయించింది మార్చి 21న. ఆ మరునాడు జనతా కర్ఫ్యూ. 25వ తేదీ నుంచి దేశమంతా లాక్‌డౌన్. అదే రోజు శార్వరి నామ సంవత్సర ఉగాది. పొయ్యి హాల్లో నేలమీద ఉంది, సింకు లేదు, గిన్నెలు పెరట్లో కడుక్కోవాలి. అత్తయ్యగారు పీట మీద కూర్చుని మామిడికాయ తరిగారు, పక్కింటివారు పిట్టగోడ మీదుగా వేపపువ్వు అందించారు, ఉగాది పచ్చడి ఆ దుమ్ములోనే చేసుకున్నాము. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మేస్త్రి కర్ఫ్యూకు ముందు రాత్రే ఊరు వెళ్లి అక్కడే చిక్కుబడిపోయాడు. ఫోను చేసి, "అమ్మగారూ, వారం రోజులపాటు గోడ మాత్రం ఎండనివ్వకండి, మిగతాది నేను వచ్చాక చూసుకుంటాను" అన్నాడు.

ఆ మాటను మామయ్యగారు తన మీద వేసుకున్నారు. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఉదయం ఆరింటికి, పది గంటలకు, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, దీపం పెట్టే వేళకు రబ్బరు పైపు చేతబట్టి కుర్చీలో కూర్చునేవారు. పైపు మూతిని బొటనవేలితో సగం మూసి, నీటిని పలుచటి జల్లుగా చేసి, గోడను పైనుంచి కిందకు వరుసతప్పకుండా తడిపేవారు. తడి పట్టిన మేర ముదురు బూడిద రంగు తిరుగుతూ ఉంటే పాప పక్కన నిలబడి ఏదైనా మూల వదిలేశారేమో చూసి చెప్పేది. వారం చాలని మేస్త్రి చెప్పినా ఆయన పద్నాలుగు రోజులు తడిపారు. "ఈ ఇల్లు కట్టినప్పుడు కూడా తడపడం నా వంతేనమ్మా, అప్పుడు ఆఫీసుకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి" అన్నారు.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. సిమెంటు తడి ఉంటేనే గట్టిపడుతుంది, ముందే ఆరిపోతే పగుళ్లిస్తుంది. లాక్‌డౌన్ సడలించాక జులైలో అదే మేస్త్రి, అదే రకం సిమెంటుతో, అదే లారీ ఇసుకతో పాప గది గోడకు ప్లాస్టరింగ్ చేశాడు. అప్పటికి అందరమూ అలసిపోయి ఉన్నాము, పని త్వరగా ముగిస్తే చాలనిపించింది. రెండు రోజులు తడిపి, వానలు పడుతున్నాయి కదా, గాలిలోనే చెమ్మ ఉంది కదా అనుకుని వదిలేశాము. ఇప్పుడు ఆ గోడ నిండా సాలెగూడులాంటి సన్నని పగుళ్లు, రెండుసార్లు లప్పం పెట్టించినా మళ్లీ తేలుతున్నాయి. హాలు గోడ మాత్రం చేత్తో తట్టి చూస్తే రాయిలాగా మోగుతుంది. ఇల్లు బాగుచేయించుకునేవారు ఎవరైనా నన్ను సలహా అడిగితే టైల్సు గురించీ రంగుల గురించీ చెప్పేముందు తడపడం గురించే చెబుతాను. ఆ పని ఎవరికి అప్పగించామన్నది కూడా ముఖ్యమే. పని వేళ ముగియగానే వెళ్లిపోవలసినవాళ్లు సాయంత్రపు తడి చూసుకోలేరు.

వంటగట్టు విషయంలో మా నిర్ణయం నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చింది. పాత గట్టు నల్లటి కడప బండ. ముప్పై నాలుగేళ్లు చింతపండు నానబెట్టిన గిన్నె పెట్టిన చోట దాని మీద గుండ్రంగా తెల్లటి మచ్చ పడింది, నిమ్మకాయలు పిండిన చోట నునుపు పోయి గరుకుదేలింది. కడప బండ సున్నపురాయి జాతిది కనుక పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. గ్రానైటుకు ఆ బాధ లేదు. గ్రానైటు వేయించడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది కానీ ఎత్తు దగ్గర తేడా వచ్చింది. అందరూ వేయించే ఎత్తు 34 అంగుళాలని వడ్రంగి అన్నాడు. అత్తయ్యగారి ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. పాత గట్టు దగ్గర ఆమె ఇన్నేళ్లూ చిన్న చెక్కపీట మీద నిలబడి వంట చేశారని, ఆ పీటను నేను రోజూ చూస్తూ కూడా అది ఎందుకుందో ఒక్కసారీ ఆలోచించలేదని ఆ రోజు గ్రహించాను. ఆమెను ఉత్త నేలమీద నిలబెట్టి, చేతిలో గరిటె పెట్టి, మోచేయి ఎక్కడికి వస్తుందో గోడమీద పెన్సిలుతో గీత గీశాము. పొయ్యి ఉండే గట్టు 30 అంగుళాలు, సింకు వైపు గట్టు 34 అంగుళాలు పెట్టించాము. చూడటానికి మెట్టులాగా ఉంటుందని చెప్పనివారు లేరు. సింకు దగ్గర నా నడుముకూ, పొయ్యి దగ్గర ఆమె భుజాలకూ ఈ ఐదేళ్లలో కలిగిన సుఖం ముందు ఆ మాట నిలవదు. ఆ పీట ఇప్పుడు దేవుడి గదిలో ఉంది. కడప బండను పారేయకుండా పెరట్లో బట్టలుతికే రాయిగా పెట్టించాము, ఆ తెల్లమచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.

అదే వంటగదిలో అరమారాల పని పూర్తిగా దెబ్బతింది. ఒక దుకాణంలో నమూనా చూసి మోజుపడ్డాము. తలుపులు అద్దంలా మెరిశాయి, సొరుగులు చప్పుడు లేకుండా మూసుకున్నాయి. లోపలి చెక్క పొట్టును అదిమి చేసిన బోర్డు అని మాకు తెలియదు, వాళ్లు చెప్పలేదు. రెండో వానాకాలానికి సింకు కింది అర ఉబ్బింది, మూడో ఏడాదికి మరలు పట్టు విడిచి తలుపు ఊడి చేతికి వచ్చింది, బిజాగరీలు తుప్పుపట్టాయి. ఆ దుకాణంవారు నీళ్లు తగలనివ్వడం మీ తప్పు అన్నారు. వంటగదిలో సింకు కింద నీళ్లు తగలకుండా ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2023లో అదంతా తీయించి, నీటికి తట్టుకుంటుందని తెలిపే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌తో, స్టెయిన్‌లెస్ స్టీలు బిజాగరీలతో మా వీధి వడ్రంగి చేత మళ్లీ చేయించాము. మెరుపు తక్కువే, కానీ నిలిచింది. సముద్రం దగ్గరి ఊళ్లవారు బోర్డు కోసిన అంచును కళ్లతో చూసి, ప్లైవుడ్ మీద ముద్ర చదివి కొనుక్కోవాలని నా మనవి.

నేల సంగతికి వస్తే, పాత మొజాయిక్‌ను ఉంచుకున్నాము. తెల్ల సిమెంటులో ఆకుపచ్చ, నలుపు చిప్సు, చుట్టూ ఎర్రటి అంచు. టైల్సు దుకాణంలో ఇది పాతకాలపు నేల అని తీసిపారేశారు. పాత నేలమీదే టైల్సు పరిస్తే నేల అంగుళంన్నర లేచి తలుపులన్నీ కింద కోయించాలి, గడపలు మునిగిపోతాయి. తవ్వి తీయాలంటే ఖర్చు, దుమ్ము, దానికితోడు ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు. నెర్రెలలో రంగు కలిపిన తెల్ల సిమెంటు నింపించి, యంత్రంతో గరుకు రాయి మొదలుకొని నున్నటి రాయి వరకు మూడు విడతలు పాలిష్ పట్టించాము. పాలిష్ పట్టిన నాలుగు రోజులూ పెరుగులాంటి తెల్లటి మడ్డి ఇల్లంతా పారింది. దాన్ని ఎత్తి బకెట్లతో బయట పోయించాలి, తూములో పోనిస్తే గడ్డకట్టి పూడుకుపోతుంది. మా పెరటి తూము అలాగే పూడి వంద అడుగుల గొట్టం తీయవలసి వచ్చింది. ఐదేళ్ల తరువాత ఈ నేల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అదీ నేల తప్పు కాదు. స్నానాలగది గుమ్మం దగ్గర ఒకరోజు యాసిడ్ ఒలికింది, చలువరాతి చిప్సు కరిగి చెయ్యంత మేర కళ తప్పింది. మే నెల మధ్యాహ్నం ఆ నేలమీద ఉత్త చాప వేసుకుని పడుకోవడం కంటే సుఖం మా ఇంట్లో మరొకటి లేదు.

డాబా మీద నీరు దిగకుండా పూసిన పూత మూడో వానాకాలానికి ఒక మూల పొక్కులుగా లేచింది. పూత తప్పేమీ లేదు, ఆ మూల నీరు నిలిచేది. మొదట వాలు సరిచేసి తరువాత పూత వేయాల్సింది, మేము తొందరపడి తిరగేసి చేశాము. 2023లో పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు వచ్చేలా గచ్చు చేయించి, దాని మీద పూత, ఆపైన ఎండ వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు వేయించాము. ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వం చలువ పైకప్పుల విధానం ప్రకటించింది. హైదరాబాదులో ఉండే మా చెల్లెలు తన డాబాకు అటువంటి రంగు వేయిద్దామా అని అడిగితే, రాత్రి పదింటికి కూడా మా ఫ్యాను వేడిగాలి విసరడం తగ్గిందని, కాకపోతే రెండేళ్లకొకసారి నాచు కడిగి మళ్లీ వేయించుకోవాలని చెప్పాను. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చిన రాత్రి నేను మూడుసార్లు లేచి టార్చితో శ్లాబు మూలలు చూశాను. ఒక్క చుక్క దిగలేదు.

కరెంటు పనిలో పాత అల్యూమినియం తీగలు తీసి రాగి తీగలు వేయించాము, కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా ఆపేసే స్విచ్చు పెట్టించాము. గీజరు చెడినప్పుడు అది తన పని తాను చేసింది. ఒక స్విచ్‌బోర్డు ఫ్రిజ్ వెనక పడింది, అది మా పొరపాటే. ఖర్చు ఆరు లక్షలనుకుంటే తొమ్మిదిన్నర అయింది. పాత గోడ తెరిచాక గానీ లోపలేముందో తెలియదు కనుక, చేతిలో ఉన్న డబ్బులో మూడో వంతు పక్కన పెట్టుకుని మొదలుపెట్టడం మంచిది.

చివరగా స్నానాలగది తలుపు. పాతది రెండడుగుల వెడల్పు. దాన్ని రెండడుగుల తొమ్మిది అంగుళాలు చేయించాలని అత్తయ్యగారు పట్టుబట్టారు. నడవలో అరమారకు చోటు పోతుందని మావారు, పైన గోడ బరువు మోసే లింటెల్ మార్చాలి, అనవసరపు ఖర్చని మేస్త్రి అన్నారు. "మా అమ్మను ఆఖరి రోజుల్లో ఇద్దరం పట్టుకుని పక్కవాటుగా నడిపించి లోపలికి తీసుకెళ్లేవాళ్లం. ఒకసారి తలుపు చెక్కకు ఆవిడ చెయ్యి గీరుకుని నెత్తురొచ్చింది" అని ఆమె ఒక్కమాట చెప్పారు, ఆ తరువాత ఎవరమూ వాదించలేదు. గడప తీయించి, నేల గరుకు టైల్సు వేయించి, కమోడ్ పక్కన గోడకు స్టీలు కడ్డీ పెట్టించాము. 2022 జులైలో మామయ్యగారు కాలుజారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయినా మళ్లీ నడవలేకపోయారు. ఎనిమిది నెలలు చక్రాల కుర్చీలోనే గడిపి 2023 మార్చిలో కాలం చేశారు. ఆ ఎనిమిది నెలలూ కుర్చీ ఆ తలుపులోంచి నేరుగా లోపలికి వెళ్లింది. ఆయన కడ్డీ పట్టుకుని తనంతట తానే కమోడ్ మీదికి మారేవారు, తలుపు తానే దగ్గరగా వేసుకునేవారు. ఆ మర్యాద ఆయనకు చివరిదాకా మిగిలింది. మొత్తం మరమ్మతుల్లో దానికైన ఖర్చు పద్దెనిమిది వేలు.

ఇప్పుడు కడ్డీ మీద అత్తయ్యగారి చెయ్యి పడుతోంది. వచ్చే వేసవిలో ఇంటికి మళ్లీ రంగులు వేయించాలి. పాప గది గోడను గీకి, వలకట్టి కొత్తగా లప్పం పెడతానని మేస్త్రి అన్నాడు, సరేనన్నాను. హాలు గోడను మాత్రం గీకవద్దని, దుమ్ము తుడిచి ఉన్నదాని మీదే రంగు వేయమని ముందుగానే చెప్పి ఉంచాను.