తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఆంకీ యాప్: నా రివ్యూ

బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు ఇంగ్లిష్ వొకాబులరీకి ఏ యాప్ వాడాలని అడిగితే నేను మొదట చెప్పే పేరు ఆంకీ. నేను ప్రొద్దుటూరులో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. నంద్యాలలో కోచింగ్ తీసుకునే రోజుల్లో ఈ యాప్ ఫోన్లోకి ఎక్కింది. బ్రాంచిలో ఆఫీసరుగా పనిచేస్తున్న ఇప్పటికీ తీసేయలేదు. పరీక్ష అయిపోయినా సర్క్యులర్లు, రిపోర్టులు, ఎడిటోరియల్స్ చదవాల్సిందే కదా.

ఇది ఫ్లాష్ కార్డుల యాప్. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. జవాబు చూశాక ‘మళ్లీ, కష్టం, బాగుంది, సులువు’ అనే అర్థం వచ్చే నాలుగు బటన్లలో ఒకటి నొక్కుతాం. దాన్నిబట్టి ఆ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో యాప్ లెక్క వేసుకుంటుంది. బాగా గుర్తున్న పదం రోజుల నుంచి వారాలకు, వారాల నుంచి నెలలకు జరిగిపోతుంది. తడబడిన పదం వెంటనే వెనక్కి వస్తుంది. చదివింది మొదటి రోజుల్లోనే ఎక్కువగా మరిచిపోతామని జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని రాశాడు. డేమియన్ ఎల్మ్స్ 2006లో ఆంకీని విడుదల చేసినప్పుడు, పోలెండ్‌కు చెందిన వోజ్నియాక్ 1987లో తయారుచేసిన లెక్కను ఆధారం చేసుకున్నాడు. 2023 చివర్లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త పద్ధతి కూడా వచ్చింది. అది మన పాత జవాబులను చూసి, మనం ఎంత త్వరగా మరిచిపోతామో అంచనా వేస్తుంది. డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్లలో ఉంటుంది, యాప్ కాస్త అలవాటయ్యాక ఆన్ చేసుకోండి.

ఆండ్రాయిడ్‌లో దీని పేరు ఆంకీడ్రాయిడ్. పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. కోచింగ్ ఫీజు, రూమ్ అద్దె కట్టుకుంటూ చదివే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఇలాంటి పేర్లతోనే వేరే యాప్‌లు కూడా ఉన్నాయి కాబట్టి డౌన్‌లోడ్ చేసేటప్పుడు పేరు సరిగ్గా చూసుకోండి.

అసలు ఫలితం కార్డు ఎలా తయారుచేస్తామన్న దాన్నిబట్టి ఉంటుంది. నేను పదాన్ని ఒంటరిగా ఎప్పుడూ పెట్టను. ఎక్కడ చదివానో ఆ వాక్యంతో సహా పెడతాను. రిజర్వ్ బ్యాంకు రెండు నెలలకోసారి ఇచ్చే ద్రవ్య విధాన ప్రకటన వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు అంతకంటే మంచి మెటీరియల్ నాకు కనిపించలేదు. రెసిలియంట్, బయాంట్, హెడ్‌విండ్స్ లాంటి మాటలు అందులో మళ్లీ మళ్లీ వస్తాయి. ఉదాహరణకు ‘డొమెస్టిక్ డిమాండ్ రిమెయిన్స్ రెసిలియంట్’ అనే వాక్యం తీసుకోండి. యాప్‌లో ‘క్లోజ్’ రకం కార్డు ఎంచుకుని రెసిలియంట్ ఉన్నచోట ఖాళీ పెడతాను. వెనకవైపు తెలుగులో ఒక్క పదం రాసి ఊరుకోను. ‘దెబ్బ తగిలినా తట్టుకుని నిలబడేది’ అని రాసి, కింద అది వేటితో కలిసి వస్తుందో రాస్తాను: ఎకానమీ, డిమాండ్, సప్లై చెయిన్. పరీక్షలో పేరాలోని ఖాళీలు పూరించమనే క్లోజ్ టెస్టులో అడిగేది సరిగ్గా ఇదే. మిటిగేట్, అలీవియేట్ రెండింటికీ ‘తగ్గించడం’ అనే అర్థం చెప్పుకుంటాం. కానీ రిస్క్‌కు మిటిగేట్, పేదరికానికి, నొప్పికి అలీవియేట్ అలవాటైన జోడీలు. ఆ జోడీతో కార్డు చేసుకుంటే ఆప్షన్లు చూడగానే చెయ్యి సరైన దాని మీదకే వెళ్తుంది.

ఈ జోడీల కోసం ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ సైటు చూడండి. అదీ ఉచితమే. ముఖ్యమైన పదాల పక్కన బీ2, అంతకంటే కష్టమైనదైతే సీ1 అని స్థాయి ఉంటుంది. సీ1 కనిపిస్తే నేను కార్డు చేస్తాను. ఏ స్థాయీ లేని అరుదైన పదమైతే, రెండోసారి ఎక్కడైనా ఎదురయ్యే దాకా ఆగుతాను.

ఉచ్చారణ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగులో రాసినట్టే చదువుతాం, ఇంగ్లిష్‌లో అలా కుదరదు. సటిల్ (subtle)లో ‘బి’, ఇన్‌డైట్ (indict)లో ‘సి’ రాతలో ఉంటాయి, నోట్లో ఉండవు. కళ్లతో మాత్రమే నేర్చుకున్న పదం ఇంటర్వ్యూ బోర్డు ముందు పలకాలంటే టెన్షన్ వస్తుంది. ఆంకీ కార్డుకు ఆడియో జత చేయవచ్చు, ఫోన్‌లోని టెక్స్ట్ టు స్పీచ్‌తో చదివించుకోవచ్చు. నేను ప్రతి కార్డుకీ పైకి పలికాకే బటన్ నొక్కుతాను.

వేరేవాళ్లు తయారుచేసి పంచుకున్న రెడీమేడ్ డెక్‌లు బోలెడు దొరుకుతాయి. విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్ష డెక్‌లలో లుగూబ్రియస్ లాంటి అరుదైన మాటలు వరసగా ఉంటాయి. మనం చదివే పేపర్లలో అవి ఎప్పుడో తప్ప కనిపించవు. పై చదువులకు విదేశాలకు వెళ్లేవాళ్లయితే 2000లో ఎవరిల్ కాక్స్‌హెడ్ తయారుచేసిన అకడమిక్ వర్డ్ లిస్టుతో మొదలుపెట్టడం మేలు. అందులో 570 పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులు) ఉన్నాయి, యూనివర్సిటీ పుస్తకాల్లో నిజంగా ఎక్కువగా వాడే మాటలే. అయినా నా ఓటు సొంత డెక్‌కే. కార్డు టైప్ చేసేటప్పుడే సగం పని అయిపోతుంది.

మా చిన్నాన్న కూతురు ఇప్పుడు నంద్యాలలోనే చదువుతోంది. యాప్ పెట్టించిన రోజే, “అక్కా, రోజుకు యాభై పెట్టుకోనా?” అంది. “వద్దు పాపా, ఐదు చాలు” అన్నాను. యాప్ మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది, దాన్ని తగ్గించుకోవచ్చు. కొత్త కార్డు ప్రతి ఒక్కటీ మొదటి రోజుల్లో పదే పదే తిరిగొస్తుంది. యాభై చొప్పున వేసుకుంటే కొద్ది రోజుల్లోనే వందల కార్డులు పోగుపడతాయి. మాక్ టెస్టులు రాసే వారం వచ్చిందంటే ఇక యాప్ తెరవబుద్ధి కాదు. ఐదయితే బస్సులో హాస్టల్‌కు వెళ్లేలోపు అయిపోతాయి.

లోపాలు లేవని అనను. స్క్రీన్ చప్పగా ఉంటుంది, సెట్టింగులు చూస్తే కొత్తవాళ్లు బెదిరిపోతారు. మొదట కొత్త కార్డుల సంఖ్య తప్ప దేన్నీ కదపకండి. నాకు నచ్చిన చిన్న సదుపాయం ఒకటుంది: నేర్చుకున్నాక ఒకే కార్డు ఎనిమిది సార్లు మరిచిపోతే యాప్ దానికి తనంతట తానే గుర్తు వేస్తుంది, సెట్టింగుల్లో ఎంచుకుంటే పక్కన కూడా పెట్టేస్తుంది. అలా గుర్తు పడిన కార్డులను ఆదివారం తీసి, వేరే వాక్యంతో కొత్తగా రాస్తాను. చాలావరకు అప్పుడు నిలుస్తాయి.

రాయడం మాత్రం ఆంకీ నేర్పదు. ఎస్‌బీఐ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్‌లో జవాబులు సొంతంగా రాయాల్సిన డిస్క్రిప్టివ్ పేపర్ ఉంది. ఆ వారం వచ్చిన కార్డుల్లో నాలుగైదు మాటలు వాడుతూ ఒక పేరా రాసి, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు చూపించండి. ఇది నేను మా చెల్లెలితో వదలకుండా చేయిస్తున్నాను.

ఐఫోన్ యాప్‌కు మాత్రం 25 డాలర్ల దాకా ఒకేసారి కట్టాలి. ఐఫోన్ ఉన్నవాళ్లు ముందు బ్రౌజర్‌లో ఉచితంగా వచ్చే ఆంకీవెబ్‌లో ఒక నెల చూసి, అలవాటైతేనే కొనండి.