ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్: ల్యాబ్‌కి నాలుగు స్టార్లు, మిగతా దానికి రెండున్నర

డిగ్రీలో అందరికీ ఉండే ఈవీఎస్ పేపర్ వేరు, ఇది వేరు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశాల వల్ల వచ్చిన ఆ పేపర్‌ని పరీక్ష ముందు రాత్రి చదివినా గట్టెక్కొచ్చు. ఇదీ అలాగే మొక్కలు నాటే కోర్సు అనుకుని చేరితే మొదటి సెమిస్టర్లోనే కెమిస్ట్రీ చుక్కలు చూపిస్తుంది. నేను డిగ్రీలో కెమిస్ట్రీ కూడా ఉండే బీజెడ్‌సీ నుంచి వెళ్లాను కాబట్టి సరిపోయింది.

ల్యాబ్ మాత్రం అద్భుతం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీవో) ఎంత ఉందో కొలిచే వింక్లర్ పద్ధతికే ఈ కోర్సు చదవొచ్చంటాను. గాలి బుడగ లేకుండా సీసా నింపి, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ వేస్తే గోధుమ రంగు అవక్షేపం దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. మాది కైకలూరు వైపు, చేపల చెరువుల మీద బతికే ఇల్లు. తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెరిస్తే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేయమని నాన్న కేకలేసేవారు. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, నాచుతో సహా చెరువులో ఉన్నవన్నీ ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటాయి, అందుకే సూర్యోదయానికి ముందు డీవో బాగా పడిపోతుంది. నాన్నకు అనుభవంతో తెలిసిన దాని కారణం నాకు ఈ ల్యాబ్‌లో దొరికింది.

కొల్లేరు పాఠం కూడా మర్చిపోలేను. 2002లో ఆ సరస్సు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కడం, అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత, అభయారణ్యం హద్దు), 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టడం... మా ఇంట్లో జరిగే వాదన అవతలి పక్షం నుంచి విన్నట్టుండేది. (సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆ టాపిక్ ఎత్తేదాన్ని కాదు.)

ఇక రెండున్నర ఎందుకంటే, మా కాలేజీలో జీఐఎస్‌ని (కంప్యూటర్‌లో మ్యాపులతో చేసే విశ్లేషణ) బోర్డు మీద సుద్దముక్కతో చెప్పారు. దానికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందన్న సంగతి ఉద్యోగంలో చేరాక తెలిసింది. స్టాటిస్టిక్స్ పేరుకే ఉండేది.

ఉద్యోగాల మాటకొస్తే, కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజినీర్ పోస్టులకి బీటెక్ అడుగుతారు. మనకి మిగిలేవి టెస్టింగ్ ల్యాబులు, 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ప్రాజెక్టులకి రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీలు. నాది రెండోది. గాలిలో సన్నటి ధూళిని (పీఎం10) కొలిచే శాంప్లర్‌ని ఊళ్లో ఎవరి డాబా మీదో పెట్టి, 24 గంటలు కరెంటు ఇవ్వమని బతిమాలుకోవాలి. "ఫ్యాక్టరీ వాళ్లు పంపారా అమ్మా?" అని అడుగుతారు. నిజమే, డబ్బులిచ్చేది వాళ్లేగా! మొదట్లో జీతం కూడా చెప్పుకునేంత ఉండదు.

చేరేముందు ల్యాబ్ చూపించమనండి. బీవోడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) పరీక్షకి శాంపిళ్లు ఉంచే ఇంక్యుబేటర్ నిజంగా నడుస్తోందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా అని అడగండి. మూడు రోజులు 27 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలది, మధ్యలో ఆగితే రీడింగ్ దండగ. జీఐఎస్‌కి కంప్యూటర్లు ఎన్నున్నాయో కూడా కనుక్కోండి. ఫీజు సంగతి ఆ తర్వాత.