గ్దాన్స్క్‌లో పదో తరగతి పిల్లలతో మూడు రోజులు

మేముండేది బెర్లిన్‌లో. మే నెలలో మా అమ్మాయి తరగతి పోలండ్‌లోని రేవుపట్టణం గ్దాన్స్క్ వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. బెర్లిన్ నుంచి రైలు మారే పని లేదు, ఆరు గంటల ప్రయాణం. జర్మన్లు డాన్సిగ్ అని పిలిచిన ఊరు ఇదే. తరగతిలో కొందరికి తాతముత్తాతల మాటల్లో విన్న పేరు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన చోట్లలో ఒకటైన వెస్టర్‌ప్లాట్టె, రేవు ముఖద్వారం దగ్గరి ద్వీపకల్పం. అక్కడికి బస్సు చవక. అయినా పడవలోనే వెళ్లమంటాను. 1939లో స్నేహపూర్వక పర్యటన పేరుతో రేవులోకి వచ్చిన జర్మన్ యుద్ధనౌక, సెప్టెంబర్ 1 తెల్లవారుజామున ఈ కాలువలోంచే గుళ్లు కురిపించింది. సుమారు 200 మంది పోలిష్ సైనికులు ఏడు రోజులు నిలబడ్డారు. ఒడ్డు ఎంత దగ్గరో నీళ్ల మీద ఉంటేనే తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధ మ్యూజియానికి రెండు గంటలే కేటాయించారు. నాలుగైనా కావాలి. అక్కడ చిన్నపిల్లల కోసం వార్సాలోని ఒక ఇంటి గదిని 1939లో, 1943లో, 1945లో ఎలా ఉండేదో మూడుసార్లు కట్టి చూపించారు. మా పదహారేళ్ల పిల్లలు కూడా అక్కణ్ణుంచి ఓ పట్టాన కదల్లేదు.

హాస్టల్ పాత ఊరికి నడిచే దూరం, ధర కూడా ఫర్వాలేదు. కానీ శాకాహారులున్నారని నెల ముందే చెప్పినా పొద్దున బ్రెడ్డు, జామ్, దోసకాయ ముక్కలే పెట్టారు. పిల్లల గదులు మూడు అంతస్తుల్లో ఇచ్చేసరికి టీచర్లకు రాత్రంతా టెన్షన్. భోజనానికి పియెరోగి రుస్కియే అడగండి, కజ్జికాయల్లా మడిచి ఉడికించే పిండివంటకం, లోపల బంగాళాదుంప, పనీర్ లాంటి జున్ను ఉంటాయి. పైన వేయించిన పంది కొవ్వు చల్లొద్దని మాత్రం ముందే చెప్పాలి.

చివరి రోజు పొద్దున నాజీల ష్టుట్‌హోఫ్ నిర్బంధ శిబిరం, మధ్యాహ్నం సోపోట్ బీచ్ పెట్టడం పెద్ద తప్పు. అంతమంది చనిపోయిన చోటు చూసొచ్చిన పిల్లల్ని ఆడుకోమంటే ఎలా ఆడతారు? సగం మంది బూట్లు కూడా విప్పకుండా ఇసుకలో కూర్చుండిపోయారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది రెండో రోజు చూసిన యూరోపియన్ సాలిడారిటీ సెంటర్. కమ్యూనిస్టు పాలనలో ఇక్కడి ఓడల కార్ఖానా సమ్మెలోంచి పుట్టిన సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘం కథ చెప్పే మ్యూజియం అది. ఓడల కార్ఖానాలో క్రేన్ నడిపే అన్నా వాలెంటినోవిచ్‌ను రిటైర్‌మెంట్‌కు ఐదు నెలల ముందు తీసేశారు. ఆమెను మళ్లీ పనిలో పెట్టుకోమంటూ 1980 ఆగస్టు 14న సమ్మె మొదలైంది. ఆ నెల 31కి ప్రభుత్వం దిగొచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టింది. కార్మికులు ప్లైవుడ్ పలకల మీద చేత్తో రాసిన 21 డిమాండ్లు అక్కడున్నాయి. గైడ్ ఒక్కొక్కటే అనువదిస్తోంది: స్వతంత్ర యూనియన్లు, మాంసానికి రేషన్ కార్డులు, ఉద్యోగం చేసే తల్లుల పిల్లలకు శిశుకేంద్రాల్లో చోటు. ఆఖరిది శనివారం సెలవు. "శనివారం కోసం కూడా కొట్లాడాలా నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. ఆ మాట మాట్లాడుకుంటూ బయట కార్ఖానా రెండో నంబరు గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాం. 1970లో నిరసనల మీద ప్రభుత్వ బలగాలు జరిపిన కాల్పుల్లో చనిపోయిన కార్మికుల కోసం నిలిపిన మూడు ఎత్తైన శిలువలు అక్కడే ఉన్నాయి.

వచ్చే ఏడాది బ్యాచ్‌కు ష్టుట్‌హోఫ్‌ను రెండో రోజుకు మార్చి, ఆ రోజు ఇంకేమీ పెట్టొద్దని, చివరి రోజంతా ఈ గేటు దగ్గరే గడపనివ్వమని టీచర్లకు చెప్పాను.